ఫ్రాయిడ్ బల్ల మీద విష్ణుమూర్తి

బెంగాల్‌లో కామార్‌పుకూర్ అనే పల్లె. ఆరేడేళ్ల పిల్లాడొకడు మరమరాలు నములుతూ పొలం గట్టు మీద నడుస్తున్నాడు. ఆకాశమంతా నల్లమబ్బు కమ్మేసింది. దాని మీదుగా తెల్లటి కొంగల బారు ఎగిరిపోయింది. అంతే... ఆ అందం చూసి పిల్లాడు ఒళ్లు తెలియకుండా పడిపోయాడు. ఎవరో ఇంటికి మోసుకొచ్చారు. ఆ పిల్లాడే తర్వాత రామకృష్ణ పరమహంస అయ్యాడు.

భక్తులకు అది భావసమాధి. వైద్యుడు మూర్ఛ అంటాడేమో. మరి మనసు అట్టడుగును తవ్విచూసే మనోవిశ్లేషకుడు ఏమంటాడు?

మనోవిశ్లేషణకు ఆద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. బాల్యంలో తండ్రి అండ కోసం పడిన ఆరాటమే పెద్దయ్యాక దేవుడి రూపం దాలుస్తుందని 1927లో ఓ పుస్తకం రాశాడు. అది చదివి ఫ్రెంచి రచయిత రొమా రోలా ఉత్తరం రాశాడు. మతాల సంగతి అలా ఉంచండి, హద్దుల్లేని సముద్రంలో కలిసిపోయినట్టుండే అనుభూతి ఒకటుంది, దాని మాటేమిటని అడిగాడు. రెండేళ్లకు రామకృష్ణుడి జీవితచరిత్ర రాసిందీ ఈ రోలానే.

ఫ్రాయిడ్ 1930లో జవాబిచ్చాడు. అలాంటి అనుభూతి తనలో ఎక్కడా కనపడలేదని నిజాయతీగా ఒప్పుకొన్నాడు. అయినా వివరణ ఇవ్వకుండా ఉండలేకపోయాడు. చంటిబిడ్డకు తను వేరు, తల్లి వేరు అన్న తేడా తెలియదు, ఆ స్థితి తాలూకు జాడే అదన్నాడు. తను రుచి చూడని వంటకు తీపెందుకొచ్చిందో చెప్పినట్టే!

అలాగని ఈ చూపును తీసిపారేయలేం. రామకృష్ణుడికి ఏడేళ్లప్పుడు తండ్రి పోయాడు. తండ్రిలా చూసుకున్న అన్న రామ్‌కుమార్ 1856లో కన్నుమూశాడు. ఆ తర్వాతే దక్షిణేశ్వర్ ఆలయంలో అమ్మవారి కోసం ఆయన ఆర్తి తీవ్రమైంది. దర్శనమివ్వలేదని నేలకేసి ముఖం రాసుకుంటూ ఏడ్చేవాడు. మహిమల కోసం చదివేవాళ్లు ఈ చావుల్ని గబగబా దాటేస్తారు. మనోవిశ్లేషకుడు అక్కడ ఆగుతాడు. ఆ భక్తి వెనక అయినవాళ్లను పోగొట్టుకున్న పిల్లాడి దుఃఖం కూడా ఉందని చూపిస్తాడు. దానివల్ల పరమహంస మనకు ఇంకాస్త దగ్గరవుతాడే తప్ప చిన్నవాడైపోడు.

కానీ తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు లోకంలో ఎందరు లేరు? వాళ్లందరూ పరమహంసలు కాలేదే. గాయం ఎక్కడుందో చెప్పే శాస్త్రం, దాంట్లోంచి ఏం మొలుస్తుందో చెప్పలేకపోతోంది.

ఇంకో చిక్కుంది. వైద్యుడి ముందు రోగి ఉంటాడు. అలా కాదండీ అని అడ్డుచెబుతాడు. ఎప్పుడో చనిపోయిన మహాత్ముడు అలా చెప్పలేడు కదా. ఫ్రాయిడ్ 1910లో చిత్రకారుడు లియొనార్డో డావిన్సీ మనసును విశ్లేషించబోయాడు. లియొనార్డో చిన్ననాటి జ్ఞాపకంలో రాబందు వాలిందని, ఈజిప్టు మాతృదేవత రూపమూ రాబందేనని పెద్ద సిద్ధాంతమే కట్టాడు. తీరా చూస్తే లియొనార్డో రాసింది గద్ద అని! జర్మన్ అనువాదంలో పొరపాటు దొర్లింది. ఒక్క మాట తప్పితే ఇంత గందరగోళం. ఇక పరభాషలో, పరమతంలో ఉన్నవాళ్ల మనసు సంగతి చెప్పాలా?

తేడాను ముందే పసిగట్టినవాడు కలకత్తా డాక్టరు గిరీంద్రశేఖర్ బోస్. 1922లో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. ఫ్రాయిడ్‌ను అభిమానిస్తూనే, ఇక్కడి రోగుల మనసులు మీ సూత్రాలకు అచ్చంగా ఒదగడం లేదని 1929లో ఆయనకే రాశాడు. నిజమే మరి. దేవుడంటే తండ్రేనన్న లెక్క కాళీమాత ఊళ్లో ఎలా సరిపోతుంది? పిల్లలకు ఆటలమ్మ సోకితే ‘అమ్మవారు పోసింది’ అని వేపమండలు కట్టే తెలుగిళ్లలో మాత్రం ఎలా సరిపోతుంది?

ఫ్రాయిడ్‌కు 75 ఏళ్లు నిండిన 1931లో బోస్ సంఘం కానుక పంపింది... దంతంతో చెక్కిన విష్ణుమూర్తి. దేవుణ్ని భ్రమ అన్న పెద్దమనిషి ఆ విగ్రహాన్ని తన బల్ల మీద గౌరవంగా పెట్టుకున్నాడు. తన శాస్త్రం దూరదేశాలను గెలిచిందనడానికి అది గుర్తని బోస్‌కు రాశాడు కూడా. కాళీమాత ఊరినుంచి వచ్చిన ఆ సందేహానికి మాత్రం పెద్దగా చోటివ్వలేదు. ఉత్తరాలే తప్ప వాళ్లిద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు.