అద్దం అవతలి మాట

మా ఆఫీసు కరీంనగర్‌లో మెయిన్ రోడ్డు మీదే, రెండో అంతస్తులో. ఒకే హాల్లో పన్నెండు మందిమి. అందరి పనీ ఫోన్‌లోనే. నేను 'మేడమ్, మీ ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు' అంటుంటే, పక్క సీట్లో ఆదిలాబాద్ పిల్ల 'సార్, వినబడ్తుందా' అని అరుస్తుంటుంది. కింద బస్సుల హారన్లు. 'మీరేమన్నా అంగట్ల కూసున్నరా?' అని ఒక కస్టమర్ అడిగాడు కూడా. నా కాల్ రేటింగ్ పడిపోయింది. ఇంకో నెల ఇట్లనే ఉంటే ఇన్సెంటివ్ కట్ అన్నారు.

చివరికి హాలు మధ్యలో గ్లాస్ పార్టిషన్, గ్లాస్ డోర్ పెట్టించారు. కాల్స్ మాట్లాడేవాళ్లం లోపల, మిగతావాళ్లు బయట. సంబరంగా తలుపు వేసుకుని కూర్చున్నాం. బయటి మాటలు దాదాపు అట్లనే వినిపిస్తున్నాయి!

ఫిట్టర్ అన్నని మళ్లీ పిలిపించారు. ఆయన తలుపు కింద వేలు పెట్టి చూపించాడు. 'సప్పుడు నీళ్ల లెక్క మేడమ్. సందు దొరికితే చాలు, వచ్చేస్తది.' తర్వాత నిచ్చెనెక్కి ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి జరిపాడు. అద్దం అక్కడిదాకే ఉంది. పైన స్లాబ్ వరకు అంతా ఖాళీ.

లెక్క ఇదీ. 10 ఎంఎం అద్దాన్ని చుట్టూ సరిగ్గా సీల్ చేస్తే సుమారు 30 డెసిబెల్స్ ఆపుతుంది. కానీ గోడలో నూటికి ఒక్క వంతు సందు ఉన్నా, ఎంత మంచి అద్దమైనా 20 డెసిబెల్స్ మించి ఆపలేదు. 10 డెసిబెల్స్ తగ్గితే మన చెవికి సౌండ్ సగమైనట్టు అనిపిస్తుంది. అంటే ఆ చిన్న సందు ఖరీదు చిన్నదేం కాదు.

అంచులకు సిలికాన్, తలుపు కింద రబ్బరు సీల్, సీలింగ్ పైన జిప్సం బోర్డు, గ్లాస్ వూల్ వేశారు. బయటి గోల తగ్గింది. ఇప్పుడు లోపల మా గొంతులే ఖంగుమన్నాయి. అద్దం సౌండ్‌ని పీల్చుకోదు, తిప్పికొడుతుంది. కింద కార్పెట్, ఒక వైపు మందపాటి కర్టెన్ పడ్డాకే ప్రాణం కుదుటపడింది. మీ ఆఫీసులోనూ అద్దాలు పెట్టిస్తుంటే 'ఎంత మందం' అని ఒక్కటే అడక్కండి. 'సందులు ఎక్కడున్నాయి' అని కూడా అడగండి.

ఆ వారమే మా బాపు సిరిసిల్ల నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్నాడు. లంచ్ టైమ్‌లో లోపల కూర్చోబెట్టాను. 'ఏందిరా బిడ్డా, గింత సప్పుడు లేదు!' అన్నాడు. ఆ గొంతుకి అద్దం అవతలి వాళ్లు కూడా తలెత్తి చూశారు. నాకు సిగ్గేసింది. 'బాపూ, మెల్లగ' అన్నాను. ఆయన అప్పుడు అటు తిరిగి ఉన్నాడు. పలకలేదు. మళ్లీ అన్నాను. పలకలేదు.

కాసేపటికి అద్దంలోంచి బయటికి చూస్తూ, 'మీ సారు ఆదివారం గూడ డ్యూటీకి రమ్మంటుండు' అన్నాడు.

బయట మా సారు ఏం మాట్లాడుతున్నాడో నాకొక్క ముక్క వినబడలేదు. పది నిమిషాలకు ఆయన లోపలికొచ్చి అదే మాట చెప్పాడు!

సాంచాల షెడ్డులో మాట వినబడదు. పెదాలు చూసి, చేతి సైగలతో మాట్లాడుకుంటారు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల్లోనూ అంతేనట. అక్కడ ఆ మాటల పద్ధతికి 'మీ-మాయింగ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఇన్నాళ్లూ బాపుది పెద్ద గొంతు అనుకున్నాను. వినబడక అరుస్తున్నాడని ఆ నిశ్శబ్దంలోనే తెలిసింది.

సాయంత్రమే చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. లోపలి నరాలు దెబ్బతిన్నాయి, పోయిన వినికిడి తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి అన్నారు. ఫ్యాక్టరీ రూల్స్ ప్రకారం 90 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలే ఉండాలి. షెడ్లలో ఆ మోత దాటడం మామూలే. బాపు షిఫ్ట్ 12 గంటలు.

నా రేటింగ్ కోసం అద్దాల గది వచ్చింది. ఆ గదిలో కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడల్లా బాపు చెవులే గుర్తొస్తున్నాయి.

ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ ఒక డబ్బా కొని ఇచ్చాను. 'నల్గురు నవ్వుతరే' అన్నాడు. మొన్న ఫోన్‌లో చెప్పాడు, షెడ్డులో ఇద్దరు కుర్ర పిల్లలు పెట్టుకుంటున్నారట. 'మరి నువ్వు?' అన్నాను. 'పెడ్తున్న తియ్' అన్నాడు. నమ్మాలో వద్దో తెలియదు.

ఇప్పుడు మామూలు కాల్ మానేశాను. రోజూ వీడియో కాలే. బాపుకి నా పెదాలు కనబడాలి కదా.