అమ్మ ఒక్కతే... అమెరికా దాకా!

రాత్రి పది దాటిందంటే ఎల్బీనగర్ చౌరస్తాలో రెండు రకాల ప్రయాణికులు కనిపిస్తారు. సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ బస్సుల కోసం సంచులతో నిలబడ్డవాళ్లు ఒక రకం. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి వచ్చి కుడిపక్కన సాగర్ రింగురోడ్డుకి తిరిగే కార్లలో ఉన్నవాళ్లు రెండో రకం. కారుపైన సూట్‌కేసులు, లోపల ఇరుక్కుని ఆరుగురు మనుషులు. అందులో విమానం ఎక్కేది మాత్రం ఒక్కరే. చాలాసార్లు ఆ ఒక్కరూ... అరవైకి దగ్గరపడిన అమ్మే!

కూతురికి పురుడు పోయాలి. వీసా వచ్చింది, టికెట్ కొన్నారు. నాన్నకి బీపీ, పైగా ఇల్లు చూసుకునేవాళ్లు లేరు. అందుకని అమ్మ ఒక్కతే బయల్దేరుతుంది. ఊరి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కి వచ్చేటప్పుడు కూడా బస్సులో తోడు వెతుక్కున్న మనిషి, సముద్రాలు దాటి వెళ్లాలి. చైతన్యపురి, కొత్తపేట, వనస్థలిపురం... ఈ చుట్టుపక్కల ఏ కాలనీలో అడిగినా ఇలాంటి అమ్మ ఒకరైనా ఉంటారు.

సాగనంపడం ఓ పండగ

ప్రయాణం వారం ముందే మొదలవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ బజార్లో స్వెట్టర్, సాక్సులు, సూట్‌కేసుకి కట్టే రంగు రిబ్బను. ఇంట్లో ఆవకాయ, కారప్పొడి, సకినాలు. ఒక్కో పెట్టె ఇరవైమూడు కిలోలు దాటకుండా తూకం వేయడం, విప్పడం, మళ్లీ సర్దడం! బయల్దేరే రోజు సాయిబాబా గుడిలో ఓ దండం, దారిలో కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి ఇంకో దండం. ఆపైన చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్ మీదుగా శంషాబాద్.

2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారాక తూర్పు హైదరాబాద్ వాళ్లకి ఇదే దారి అయింది. మెట్రో 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా వచ్చింది. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకి కారో పుష్పక్ బస్సో దిక్కు. అందుకే ట్రాఫిక్‌కి భయపడి అయిదు గంటల ముందే బయల్దేరతారు. టెర్మినల్ గుమ్మం దగ్గర కౌగిలింతలు, కన్నీళ్లు, ఫొటోలు. అమ్మ లోపలికి వెళ్లిపోతుంది. అసలు కథ అక్కడే మొదలు.

ఇక్కడ వెన్నెల... అక్కడ పొగమంచు

బోర్డు మీద ‘ఆలస్యం’ అని పడుతుంది. బయట చూస్తే ఆకాశం నిర్మలంగా ఉంది. మరి విమానానికేమైంది?

విమానం మన సిటీబస్సులాంటిదే. ఇక్కడ నిద్రలేచి ఇక్కడి నుంచే బయల్దేరదు. ఎక్కడి నుంచో జనాన్ని దింపడానికి వచ్చి, మళ్లీ మనల్ని ఎక్కించుకుంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీలో పొగమంచు పడితే హైదరాబాద్‌లో విమానం ఆగడం అందుకే. పైలట్ల డ్యూటీకి గంటల లెక్క ఉంటుంది. అది దాటితే విమానం సిద్ధంగా ఉన్నా నడిపేవాళ్లుండరు. 2025 డిసెంబరు మొదటి వారంలో పైలట్ల విశ్రాంతికి సంబంధించిన కొత్త నిబంధనలకు ఇండిగో సరిగా సిద్ధం కాకపోవడంతో దేశమంతటా వేలసంఖ్యలో సర్వీసులు రద్దయ్యాయి. శంషాబాద్‌లోనూ జనం పెట్టెల మీదే పడుకున్నారు.

ఇక అమెరికా ప్రయాణమంటే మధ్యలో ఓ మజిలీ తప్పదు. ఎయిరిండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా విమానం వేసినా అది నిలవలేదు. దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్... ఎక్కడో ఒకచోట మారాల్సిందే. ఆ మజిలీకి ఏమైనా అయితే మనకీ అయినట్టే. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలపాటు గగనతలం మూసేస్తే, దోహాలో మారాల్సినవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు.

టికెట్ కొనేటప్పుడే...

అమ్మకి రక్షణ టికెట్‌లోనే ఉంది. హైదరాబాద్ నుంచి అమెరికా దాకా ఒకే బుకింగ్ మీద కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది అందకపోయినా ఇంకోదాంట్లో పంపే బాధ్యత విమాన సంస్థది. నాలుగువేలు మిగులుతాయని ఢిల్లీ దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకోటి విడివిడిగా కొంటే... రెండో సంస్థకి మన ఆలస్యంతో సంబంధమే ఉండదు. పెట్టెలు కూడా మధ్యలో తీసుకుని మళ్లీ అప్పగించాలి. మారేచోట గంటన్నర కాకుండా మూడు, నాలుగు గంటల వ్యవధి ఉంటే ఇంకా మంచిది.

నడవలేని వాళ్లకి వీల్‌ఛైర్ కావాలని కనీసం 48 గంటల ముందే చెప్పాలి. నడవగలిగినవాళ్లయితే, తొలిసారి ఒంటరిగా వెళ్తున్నారు, దారి చూపే మనిషి కావాలని సంస్థని అడగొచ్చు.

అడిగితే తప్పేం లేదు

‘వాళ్లనేం అడుగుతాంలే’ అని మనవాళ్లు ఆకలితో కూర్చుంటారు. దేశీయ విమాన సంస్థలకు పౌర విమానయాన శాఖ నిబంధనలున్నాయి. వేళకి చెకిన్ అయినవాళ్లకి, ప్రయాణ సమయాన్ని బట్టి రెండు నుంచి నాలుగు గంటల ఆలస్యం దాటితే తిండి పెట్టాలి. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజామున మూడు మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే బస కూడా ఇవ్వాలి. వాతావరణం, భద్రత లాంటి కారణాలైతే నష్టపరిహారం మాత్రం రాదు. విదేశీ సంస్థలైతే తమ దేశపు నిబంధనలు పాటించవచ్చు.

అమ్మ చేతిసంచిలో ఏముండాలి? రెండు రోజుల మందులు, వాటి చీటీ, ఓ జత బట్టలు, ఫోన్ ఛార్జర్, తినడానికి పొడిగా ఉండేవి. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలోనే! మన సిమ్ బయటి దేశంలో పనిచేసేలా రోమింగ్ వేయించాలి. ఎయిర్‌పోర్టు వైఫైని నమ్ముకుంటే, అది అడిగే ఓటీపీ ఫోన్‌కి రాక అక్కడే ఆగిపోవచ్చు. కూతురి నంబరు, విమానాల నంబర్లు, ‘నా విమానం ఆలస్యమైంది, తర్వాతి విమానం ఎక్కడ?’ అన్న ప్రశ్న... తెలుగులోనూ ఇంగ్లిషులోనూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసివ్వండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా కాగితం మాట్లాడుతుంది.

అన్నట్టు, సాగనంపే వాళ్లకి ఓ మాట. ఇమిగ్రేషన్ ముద్ర పడ్డాక విమానం రద్దయితే, ఆ ముద్ర కొట్టేయించుకుని బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ అర్ధరాత్రి వేళ అమ్మ గుమ్మం దాటి వచ్చేసరికి మనవాళ్లెవరూ లేకపోతే ఎలా? అందుకే ‘విమానంలో కూర్చున్నాను’ అన్న ఫోన్ వచ్చేదాకా కారుని ఎల్బీనగర్ వైపు తిప్పకండి.