మాతంగ పర్వతం మీద ఒక తెల్లవారుజాము

మా బావమరిది తీసిన హంపి ఛాయాచిత్రానికి ఒక పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించాము. మూడవనాడు అతను వచ్చి, "బావగారూ, కొత్త లెన్సు కొనాలి. బహుమతి సొమ్ము 15,000 ఏ మూలకూ చాలదు. మీ ఆఫీసు సొసైటీలో అప్పు తీసిపెట్టండి" అన్నాడు. ఆ అప్పును మా పెద్దమ్మాయి కాలేజీ ఫీజుకని అట్టే పెట్టుకొని ఉన్నాము. ఇంట్లో ఆవిడ తమ్ముడివైపూ చూడలేదు, మావైపూ చూడలేదు. కాగితం చూడకుండా సంతకం పెట్టే అలవాటు గుమాస్తాకు ఉండదు గదా! "నువ్వు చిత్రం తీసిన చోటు చూపించు, తరువాత మాట్లాడుదాం" అన్నాము.

మా బళ్ళారి వారికి హంపి పెరటి చెట్టు. 2021లో విజయనగర జిల్లా వేరుపడేదాకా మా జిల్లాలోనిదే. జాతరకు పోయాము, పెండ్లివారితో పోయాము. మాతంగ పర్వతం మాత్రం ఎక్కిన పాపాన పోలేదు. సాయంత్రం బండికి హోసపేట చేరి, బంధువుల ఇంట పడుకొని, తెల్లవారుజామున ఆటోలో 13 కిలోమీటర్లు పోయి కొండ మొదట దిగాము. కెమెరా సంచి మా భుజాన పడింది. అందులో అతను ఒకరోజుకు అద్దెకు తెచ్చిన లెన్సు ఉన్నది. 70–200, ఎఫ్ 2.8. అదొక్కటే కిలోన్నర. రాతిమెట్ల మీద టార్చిలైటు వెలుగులో ఎక్కుతుంటే ఆ బరువు మాకు బాగా తెలిసింది.

శిఖరాన వీరభద్రుని గుడి. వెలుగు కోసం కూర్చొన్నాము. 1856లో గ్రీన్‌లా అనే ఇంగ్లీషు సైనికోద్యోగి మైనం పట్టించిన కాగితపు నెగటివుల మీద ఈ శిథిలాలను చిత్రాలు తీశాడనీ, 1983లో ఆస్ట్రేలియా నుంచి గోలింగ్స్ అనే ఆయన వచ్చి, అవే చోట్ల నిలబడి మళ్ళీ తీశాడనీ మా బావమరిది చెప్పాడు. ఆ కాగితాలు ఎండలో ఎంతసేపు పెట్టేవాళ్ళో అనుకొంటూ ఉండగానే తూరుపు ఎర్రబడింది.

కొండమీద ఉన్నవారందరూ సూర్యునివైపు ఫోన్లు ఎత్తారు. అతనొక్కడే వీపు తిప్పి పడమటివైపు నిలుచున్నాడు. అప్పుడు చూచాము. అరటితోటల మీద పలుచని మంచు. ఆ మంచులో నుంచి విరూపాక్షుని తూర్పు గోపురం మొదట కలశాల దగ్గర, తరువాత అంతస్తు అంతస్తుగా పసుపు పూసినట్టు వెలుగుతూ దిగింది. పట్టుమని పది నిమిషాలు. తరువాత అది మామూలు గోపురమే.

పాత లెన్సులో ఆ గోపురం గోరంత పడుతుందట. బహుమతి చిత్రం అంచులు కోసి పెద్దది చేసినదే; గోడకు పెట్టుకొనేటంత అచ్చు వేయిస్తే పలచబడిపోయిందని అతని బాధ. దూరాన్ని దగ్గరకు లాగే లెన్సు కావాలన్న మాట నిజమేనని ఒప్పుకొన్నాము.

ఎండ ఎక్కిన తరువాత కెమెరా ఇమ్మన్నాము. ప్రతి చిత్రం కిందా అంకెలు ఉంటాయి. మా వృత్తి అంకెలు చూడడమే. ఎఫ్ 8, ఎఫ్ 11, మళ్ళీ ఎఫ్ 8. నలభై మూడు చిత్రాల్లో 2.8 ఒక్కటీ లేదు. "ఇదేమిట్రా?" అన్నాము. దగ్గరి బండా దూరపు గోపురమూ రెండూ స్పష్టంగా రావాలంటే లెన్సు ద్వారం చిన్నది చేసుకోవాలి, కెమెరా ముక్కాలిపీట మీద ఉంటుంది కనుక వెలుగు తక్కువైనా ఇబ్బంది లేదు అన్నాడు. అయితే ఆ పెద్ద ద్వారానికి డబ్బు ఎందుకు? పెండ్లి పందిళ్ళల్లో, నాటకశాలల్లో తీసేవారికి కావాలి. కొండలూ గోపురాలూ ఎటూ కదలవు. అతను కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, అదే రకంలో ఎఫ్ 4 ఉన్నదనీ, బరువు సగమేననీ, ధర బాగా తక్కువేననీ నెమ్మదిగా చెప్పాడు. ఈ సంగతి అతనికి ముందే తెలుసునని మా అనుమానం.

దిగివచ్చి విరూపాక్షుని దర్శించుకొన్నాము. గుడి వెనుకవైపు చీకటి గదిలో, గోడకున్న చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుగులో గోపురం తలకిందులుగా ఎదుటి గోడమీద పడుతుంది. లెన్సు లేదు, అద్దె లేదు. ఆ మాట అంటే అతను నవ్వాడు గాని, సంతోషంగా కాదు.

నెల తిరగకముందే ఎఫ్ 4 లెన్సు వాడినది ఒకటి 24,000కు దొరికింది. లోపల బూజు పట్టిందేమోనని టార్చి వేసి వెనుకనుంచీ ముందునుంచీ చూచాకే డబ్బు ఇచ్చాడు. తక్కువపడిన 9,000లో నాలుగు అతనివి, అయిదు మావి. సొసైటీ అప్పు కదపలేదు. మళ్ళీ కార్తీకంలో పోదామంటున్నాడు. సంచి తనే మోస్తాడట.