అమీర్‌పేటలో ఒక దౌత్య విద్యార్థిని

అమీర్‌పేట మెట్రో స్టేషను మెట్లు దిగగానే మొదట కనబడేవి బోర్డులే. మైత్రీవనం చుట్టూ మేడలపైనా, గోడలపైనా కంప్యూటరు కోర్సుల పేర్లే. సందుల్లో హాస్టళ్లు, టిఫిను బండ్లు, జిరాక్సు షాపులు. మన పల్లెల పిల్లలు ఉద్యోగం కొరకు ముందుగా వచ్చి చేరేది ఇక్కడికే.

మా ఊరి రైతు బిడ్డ ఒకామె ఇక్కడి హాస్టల్లో ఉండి రాజనీతిశాస్త్రంలో ఎమ్మే చదువుచున్నది. ఆమె గురి కంప్యూటరు మీద లేదు, విదేశాంగ సేవ మీద ఉంది. "ఇదేమి చదువమ్మా?" అని అడిగాము. "ప్రభుత్వంతో ప్రభుత్వం మాట్లాడితే దౌత్యం, బాబాయ్. పరాయి దేశపు ప్రజల మనసుతో మాట్లాడితే ప్రజా దౌత్యం" అన్నది.

మన విదేశాంగ శాఖ 2006లో ఇందుకొక ప్రత్యేక విభాగమే పెట్టింది. హైదరాబాదువారైన సయ్యద్ అక్బరుద్దీన్ గారు ఐక్యరాజ్యసమితిలో మన శాశ్వత ప్రతినిధిగా ఉన్నప్పుడు, 2019 ఆగస్టు 16న కాశ్మీర్ విషయమై విలేఖరులతో మాట్లాడారు. చర్చలు ఎప్పుడు మొదలుపెడతారని పాకిస్తాన్ విలేఖరి అడుగగా, ఆయన నడిచి వెళ్లి ముగ్గురు పాకిస్తాన్ విలేఖరులతో చేయి కలిపారు. వాదన విడువలేదు, మర్యాదా విడువలేదు.

దారి మాత్రం ఇరుకైనది. ఏ డిగ్రీ అయినా చాలు గాని, సివిల్ సర్వీసు పరీక్ష మూడు మెట్లు ఎక్కాలి. మెయిన్సుకు 1750 మార్కులు, ఇంటర్వ్యూకు 275. మెయిన్సు తెలుగులోనూ వ్రాయవచ్చును. సాధారణ వర్గానికి 32 ఏళ్ల లోపు ఆరుసార్లే అవకాశం. మిగిలిన వర్గాలకు సడలింపు ఉంది. ఎంపికైనవారికి ముస్సోరీలోను, ఢిల్లీలోను శిక్షణ. ఒక విదేశీ భాష తప్పనిసరి. లక్షలమంది వ్రాస్తే విదేశాంగ సేవకు చేరేది కొద్దిమందే. "ఇంకా ఎన్నాళ్లమ్మా?" అని తండ్రి ఫోనులో అడిగినప్పుడల్లా ఆ బిడ్డకు ఆ రాత్రి నిద్ర ఉండదట.

మరునాడు ఆమెతో మెట్రోలో ఒక్క స్టేషను దూరమున్న పంజాగుట్టకు వెళ్లాము. నిమ్స్ ఆసుపత్రి దగ్గర దూరపు ఊళ్లవారు చీటీలు పట్టుకొని నిలువబడి ఉన్నారు. ఉర్దూ తప్ప రాని ఒక తల్లికి ఏ గదికి పోవాలో తెలియడం లేదు. మన అమ్మాయి ముందు ఆమె చెప్పేదంతా విన్నది; తరువాతనే చీటీ చదివి, దారి చూపించింది. ఆ ఉర్దూ హాస్టల్లో తోటి పిల్లల దగ్గర నేర్చుకున్నదే. దౌత్యానికి మొదటి పాఠం ఇదే గదా అనుకున్నాము.

తల్లిదండ్రులారా, ఇటువంటి ఆశ మీ ఇంటిలో ఉంటే వెంటనే కాదనకండి. ఎన్నిసార్లు వ్రాయాలో బిడ్డతో కూర్చుండి ముందే నిర్ణయించుకోండి. పీజీ పట్టా పూర్తి చేయించండి. పరీక్ష తప్పినా పట్టా చేతిలో ఉంటుంది. నేర్చిన భాష ఎక్కడికీ పోదు.