వెనక సీటు

నా స్నేహితురాలికి తండ్రి నుంచి వచ్చింది రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డి 350ని ఎస్కార్ట్స్ 1983 నుంచి మన దేశంలో ఆ పేరుతో తయారుచేసింది. తండ్రి ఉండగా ఆమెకి దక్కింది వెనక సీటే. అన్న పాత ఇనుముకి అమ్మేద్దామన్నాడు. పొలంలో వాటా అడగని మనిషి, బండిని మాత్రం పట్టుబట్టి తన పేర రాయించుకుంది. బాగుచేయడం నా వంతు.

టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. ఏళ్లుగా నిలవున్న పెట్రోలు జిగురై జెట్లని మూసేసింది. విప్పి కడిగాక, రెండు స్లైడ్లూ ఒక్కసారే లేచేలా కేబుళ్లు సరిచేయాలి. లేకుంటే ఒక సిలిండర్ లాగుతుంటే రెండోది వెనకబడుతుంది. స్పేర్‌పార్టుల కొట్లో “మీవారిని పంపండమ్మా” అన్నాడు. జెట్ నంబరు చెప్పాక, మారుమాటాడకుండా తీసిచ్చాడు.

సెల్ఫ్ లేదు, కిక్కే. ఆరో కిక్కుకి నీలిపొగ కక్కుతూ స్టార్టయింది. క్లచ్ ఇంకా చూడాలి అంటూనే ఉన్నాను, ఆమె అప్పటికే ఎక్కేసింది.