అమెరికా బతుకు - 9: నాయన ముట్టుకోని తుపాకి

పోయిన భాగంలో నా దగ్గర పిస్టల్ ఉందని ఒక్క మాట రాసినందుకు ఇన్‌బాక్స్ నిండిపోయింది. "అంబేద్కరిస్టువి, నీకు తుపాకి ఎందుకన్నా?" అని అడిగిన తమ్ముళ్ళ కోసం ఈ భాగం.

ఆత్మరక్షణ అని చెప్పొచ్చు. అబద్ధం. మా ఊళ్ళో తుపాకి అంటే ఒకటే, పెద్దింటి పంచలో గోడకి వేలాడే జోడుగొట్టాల తుపాకి. నాయన కుట్టిన చెప్పులు ఇవ్వడానికి వెళ్తే, ఆయన వెనక వాకిట్లో నిలబడి దాన్నే చూసేవాణ్ణి. అది పేలగా నేనెప్పుడూ వినలేదు. పేలక్కర్లేదు కదా, గోడకి ఉంటే చాలు. ఆ గోడ కోసమే కొన్నాను.

ఇక్కడ వీసా మీద ఉన్నన్నాళ్ళూ, వేట లైసెన్సులాంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకి కొనకూడదు. గ్రీన్‌కార్డు వచ్చాక 2011లో హ్యూస్టన్‌లో కొన్నాను. 1911 మోడల్, పాయింట్ ఫార్టీఫైవ్. జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన నమూనా. అమెరికా సైన్యం 1911లో తీసుకుంది కాబట్టి ఆ పేరు. ఖాళీగానే కిలో పైన తూగుతుంది. పిడి వెనక ఒక మీట ఉంటుంది, అరచెయ్యి దాన్ని గట్టిగా నొక్కితేనే పేలుతుంది. బెదురుతో వదులుగా పట్టుకుంటే పేలదు. రేంజిలో మొదటిరోజు నాకదే అయింది. వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు కొత్త కాదులెండి.

మూడో ఏడు నుంచి పేలిన తూటా తొడుగు బయటపడకుండా ఇరుక్కునేది. తొడుగుని పట్టి లాగే కొక్కేనికి బిగువు పోయిందట, మార్పించాను. రికాయిల్ స్ప్రింగ్ రెండుసార్లు మార్చాను. అంతకుమించి ఇబ్బంది పెట్టలేదు.

అసలు గొడవ తుప్పుతో. ఒక వానాకాలమంతా పిస్టల్‌ని తోలు హోల్‌స్టర్‌లోనే ఉంచి బీరువాలో పెట్టాను. తీసి చూస్తే స్లైడ్ మీద ఎర్రటి చుక్కలు. అప్పుడు నాయన మా ఇంట్లోనే ఉన్నాడు. పిస్టల్ ముట్టుకోలేదు, హోల్‌స్టర్ అందుకున్నాడు. కుట్టు మీద బొటనవేలు నడిపాడు, వాసన చూశాడు.

"ఇది తంగేడు చెక్కలో ఊరిన తోలు కాదురా అబ్బయ్యా, మందులేసిన తోలు. ఏ తోలైనా చెమ్మ పీల్చుద్ది. ఇనుముని తీసుకెళ్ళి అందులో పడుకోబెడితే తుప్పు పట్టక ఏం పట్టుద్ది?"

అమ్మిన షాపువాడు నాకీ మాట చెప్పలేదు. కాలేజీలో మీ నాన్నేం చేస్తాడంటే వ్యవసాయం అని చెప్పుకున్న కొడుకుని నేను. ఆరె, రంపె పేర్లు నా నోట రానిచ్చేవాణ్ణి కాదు.

కాసేపాగి అడిగాడు. "ఇది ఎన్నిసార్లు పేలుద్ది?"

"మ్యాగజైన్లో ఏడు, గొట్టంలో ఒకటి నాయనా."

1985 జూలై 17 తర్వాత చీరాల శిబిరంలో కారంచేడు జనాన్ని చూసొచ్చిన మనిషాయన. అమెరికా సైన్యం ఈ పిస్టల్‌ని పక్కనబెట్టి బెరెట్టాని ఎంచుకున్నదీ ఆ ఏడాదే. నాకు తెలిసిన 1985 అది, ఆయనకి తెలిసిన 1985 ఇది.

"వాళ్ళు తుపాకుల్తో రాలేదురా. గొడ్డళ్ళు, బరిసెలు. ఊరు ఊరంతా వచ్చింది. ఎనిమిదితో ఏమయ్యేది?"

నా దగ్గర జవాబు లేదు. అట్రాసిటీ చట్టం కింద 1995లో వచ్చిన రూల్స్‌లో, అవసరమైతే దళితులకీ ఆదివాసులకీ ఆయుధాల లైసెన్సు ఇవ్వొచ్చని ఉందని చెప్పాను. నవ్వాడు.

"ఇచ్చే చెయ్యి ఎవరిది?"

సన్నటి ఉక్కుపీచు, నూనె పెట్టి తుప్పు తుడిచాను. ఎడమవైపు ఒక మచ్చ ఇప్పటికీ ఉంది. పిస్టల్‌ని నూనెగుడ్డలో చుట్టి సేఫ్‌లో పెట్టి తాళం వేస్తున్నాను. నాయన తిరిగి వెళ్ళేలోపు షాపు కుట్టంతా ఊడదీసి, మైనం రాసిన దారంతో హోల్‌స్టర్ మళ్ళీ కుట్టాడు. "ఇంత దూరం దూరం కుడతారా ఎవరన్నా" అని వాళ్ళని తిట్టుకుంటూనే.

రేంజికి ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు వెళ్తే ఎక్కువ. హోల్‌స్టర్ నా టేబుల్ పక్కన మేకుకి ఖాళీగా వేలాడుతోంది. వచ్చినవాళ్ళు అదేంటని అడుగుతారు. మా నాయన కుట్టిందని చెప్తాను.

(ఇంకా ఉంది)