నాన్నతో నారాయణగూడ దాకా

"ఏమ్రా, ఇది ఏ ఊరు?"

ఆదివారం పొద్దున అశోక్‌నగర్ చౌరస్తాలో నాన్న ఆగి అడిగిన మాట ఇది. ముప్పై ఏళ్లుగా మేముంటున్న ఇల్లు అక్కడికి నాలుగు సందుల అవతలే.

"మన చిక్కడపల్లే నాన్నా" అన్నాను. తలూపాడు కానీ నమ్మినట్టు లేదు.

సిటీ సెంట్రల్ లైబ్రరీ గేటు దగ్గరికి రాగానే మాత్రం మనిషి మారిపోయాడు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు టిఫిన్ డబ్బాలు, బ్యాగులతో లోపలికి పోతున్నారు. "పొద్దున్నే రాకపోతే సీటు దొరకదు" అన్నాడు వాళ్లను చూసి. పెళ్లికి ముందు ఆయన బ్యాంకు పరీక్షకి చదివింది ఇక్కడే.

త్యాగరాయ గానసభ దాటి మెయిన్ రోడ్డెక్కాక మళ్లీ తడబడ్డాడు. తలెత్తి మెట్రో పిల్లర్లను చూసి, "ఇవెప్పుడు కట్టారు?" అన్నాడు. ఈ రూట్లో మెట్రో మొదలైంది 2020 ఫిబ్రవరిలో. అల్జీమర్స్‌లో ముందు పోయేవి కొత్త జ్ఞాపకాలు. పాతవి చాలాకాలం నిలుస్తాయి. ఆయన గుర్తుపెట్టుకున్న రోడ్డు మీద మెట్రో లేదు, అంతే.

తప్పు మాదే. ఏడాదిన్నర "వయసు కదా" అని వదిలేశాం. ఒకరోజు పాల ప్యాకెట్‌కని వెళ్లి మధ్యాహ్నం దాకా రాకపోయేసరికి న్యూరాలజిస్ట్ దగ్గరికి పరిగెత్తాం. ముందు బి12, థైరాయిడ్ పరీక్షలు, తర్వాత ఎంఆర్ఐ రాశారు. బి12 తగ్గినా, థైరాయిడ్ సరిగా పనిచేయకపోయినా మతిమరుపు రావచ్చు, దానికి వైద్యం ఉంది. అందుకే ఆలస్యం చేయొద్దు. నాన్నకి బి12 తక్కువే, కానీ జబ్బు అదొక్కటే కాదు. ఇప్పుడు డొనెపెజిల్ వాడుతున్నాం. అది జబ్బును నయం చేయదు. కొంతకాలం లక్షణాల్ని అదుపులో ఉంచొచ్చు, అందరికీ ఒకేలా పనిచేయదు.

నారాయణగూడలో ఇరానీ చాయ్ కోసం ఆగాం. నేను నోరు తెరిచేలోపే నాన్న, "భాయ్, దో చాయ్ దేనా. కైసే హై?" అన్నాడు. ఉర్దూ ఎక్కడా తడబడలేదు. మన నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా పేషెంట్ల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. రెండో భాష మాట్లాడేవాళ్లలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయట. చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా ఉంది. తెలుగింట్లో పుట్టి, వీధిలో ఉర్దూ నేర్చుకున్న నాన్నకి ఈ ఊరు ఎన్నేళ్లు కలిపిచ్చిందో ఎవరు చెప్పగలరు!

ఇప్పుడు ఆయన చొక్కా జేబులో మా ఫోన్ నంబర్లున్న కార్డు ఉంటుంది. ప్రతి ఆదివారం ఇదే దారి, ఇదే చాయ్. దారి మార్చితే కంగారు పడతాడు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 అమ్మ ఫోన్లో సేవ్ చేశాను. మీరూ చేసి పెట్టండి.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "ఎటు పోయొచ్చారండీ?"

"ఎటూ పోలేదే" అన్నాడు నాన్న.

చొక్కా మీద చాయ్ మరక ఇంకా ఆరలేదు.